జేజి కాడ ఉండా

బడిలో తెలుగు చెప్పడం మొదలుపెట్టిన నాటినుంచీ నాకొక జబ్బు ఉంది. అచ్చుతప్పు కనబడితే వదిలిపెట్టలేను. ప్రొద్దుటూరులో పెళ్ళిపత్రికలు అచ్చేసేవాళ్ళు నన్ను చూస్తే మొహం చాటేస్తారు. హోటల్ బోర్డు మీద 'ఇడ్లి' అని రాసి ఉంటే, దీర్ఘం పెట్టమని చెప్పి వస్తేగానీ నాకు ఆ ఇడ్లీ గొంతు దిగదు. మా పుట్టింట్లో అందరూ మంత్రాలు చెప్పుకుని బతికినవాళ్ళు. ఒక్క అక్షరం తప్పినా మంత్రం పనిచెయ్యదని మా నాన్న భయపెట్టేవారు. ఆయనకు మంత్రం మీదున్న భయం నాకు వ్యాకరణం మీదికి మళ్ళింది. ఇన్ని గొప్పలు పోయే నేను, ఒక కరపత్రాన్ని చదవకుండానే 'ఓకే' అని కొట్టి పంపాను. ఆ రెండక్షరాలు తలుచుకుంటే ఇప్పటికీ చెమటలు పడతాయి.

మా ఊళ్ళో ఒక ఫుట్‌బాల్ క్లబ్బు ఉంది. క్రికెట్ తప్ప లోకంలో ఇంకో ఆట ఉందని ఒప్పుకోని ఊళ్ళో అది బతికి ఉండడమే విశేషం. జమ్మలమడుగులోనూ పులివెందులలోనూ దానికి పిల్లల జట్లున్నాయి. విజయవాడలో ఎవరో సంస్థవాళ్ళు క్లబ్బుకు బంతులూ బూట్లూ ఇస్తూ, ఒక ఏడాది కొత్త షరతు పెట్టారు. ఆడే పిల్లలు తమ బతుకుల మీద ఐదేసి నిమిషాల సినిమాలు తీయాలి. ఫోనుతోనే తీయాలి, పెద్దవాళ్ళు చెయ్యి పెట్టకూడదు. క్లబ్బు కోచ్ ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే. తిన్నగా మా ఇంటికొచ్చి కూర్చున్నాడు.

"మేడం, బాల్ తన్నమంటే తంతాం. కథ రాయమంటే యాడ రాస్తాం? మీరుండల్ల."

పెద్దవాళ్ళు చెయ్యి పెట్టకూడదన్నారు గదా అన్నాను. "చెయ్యి పెట్టొద్దు మేడం, నోరు పెట్టండి సాలు" అన్నాడు. నా నోటి సంగతి వాడికి తొమ్మిదో తరగతి నుంచీ తెలుసు.

పులివెందుల పిల్లలు అరటి గెలలు లోడు చేసే ముఠా కుర్రాళ్ళు సాయంత్రం చెప్పుల్లేకుండా ఆడే ఆట తీశారు. ప్రొద్దుటూరు పిల్లలు తమ జెర్సీలు కుట్టే టైలరును తీశారు. జమ్మలమడుగు జట్టు తరపున ఇద్దరు ఆడపిల్లలు ముందుకొచ్చారు. ఇద్దరూ ఇంటరు రెండో ఏడాది. ఒకమ్మాయి గోల్‌కీపరు. వాళ్ళ ఊరు రిజర్వాయరు నీళ్ళలో మునిగిపోతే కొండాపురం పక్కన కట్టిన కాలనీకి వచ్చిన కుటుంబం. వాళ్ళ నాయన చిలమకూరు నుంచి సిమెంటు లోడు మీద మద్రాసు, బెంగుళూరు తిరిగే లారీ డ్రైవరు. రెండో అమ్మాయి ఆ పిల్ల స్నేహితురాలు. ఆమె నాయన కువైట్ నుంచి పంపిన ఫోనే వాళ్ళ కెమెరా. దాన్ని ఎవరి చేతికీ ఇచ్చేది కాదు, నాకైతే దూరం నుంచి చూపించేది.

కీపరు పిల్ల తన సినిమా వాళ్ళ జేజి మీద అంది. మా దిక్కు జేజి అంటే నాయనను కన్న తల్లి. పేరేం పెడతావమ్మా అంటే ఒక కాగితం ఇచ్చింది. 'జేజి కాడ ఉండా' అని ఉంది.

నాకు చెయ్యి దురద మొదలైంది. 'నాయనమ్మ వద్ద ఉన్నాను' అని దిద్దాను. ఆ పిల్ల చూసి, మర్యాదగానే తల అడ్డంగా ఊపింది.

"అట్ల ఎవురు మాట్లాడతారు మేడం? మా నాయనకు అర్థం గావల్ల గదా."

ఆ 'నాయనకు అర్థం గావల్ల' అన్న మాట దగ్గరే నేను ఆగి ఆలోచించి ఉండాల్సింది. ఆలోచించలేదు. పిల్లల పట్టుదలకు మురిసిపోయి, ఒక్కసారి నా ఎర్ర పెన్ను మూసి పక్కన పెట్టాను. ముప్పై ఏళ్ళలో నేను దిద్దకుండా వదిలిన మాట అదొక్కటే.

ముద్దనూరులో బస్సు మారి నేను ఆ కాలనీకి రెండుసార్లు వెళ్ళాను. పార్కుకని వదిలిపెట్టిన ఖాళీ జాగాలో ఆడపిల్లలు ఆడుతున్నారు. కోచ్ వారానికి రెండు రోజులు అక్కడికే వచ్చి నేర్పేవాడు. ఒక గోల్‌పోస్టు పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, చేతిలో కట్టె పట్టుకుని జేజి కూర్చుని ఉంది. జాగాలోకి బర్రెలు వస్తే కట్టెతో అదిలిస్తుంది. పిల్లల బాటిళ్ళలో నీళ్ళయిపోతే కేకేసి నింపిస్తుంది. బంతి తన కాళ్ళ దగ్గరికొస్తే మాత్రం ముట్టుకోదు, కట్టెతో చూపిస్తుంది. స్నేహితురాలు ఫోనును ఒక బొంగుకు కట్టి ఇదంతా తీస్తోంది.

అంతలో కీపరు పిల్ల ఫోను మోగింది. ఆ పిల్ల గ్లౌజులు పళ్ళతో లాగేసి, స్పీకరు నొక్కింది.

"యాడుండావ్ మ్మా?" మగ గొంతు, వెనకాల లారీ ఇంజను.

"జేజి కాడుండా నాయనా."

"తిన్యావా?"

"ఊ. తింటి."

"సరే. జేజిని ఇడిసిపెట్టి యాడికీ పోగాకు."

పెట్టేసింది. మళ్ళీ గ్లౌజులు తొడుక్కుంది. బొంగు మీది ఫోను ఆ మాటలన్నీ పట్టేసింది. నాకు అప్పుడు వెలిగింది. ఆ నాయనకు కూతురు బంతాట ఆడుతున్న సంగతి తెలియదు!

పక్కకు పిలిచి నిలదీశాను. పదో తరగతిలో బడి పోటీల్లో ఆ పిల్ల కిందపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆ రోజు నాయన మద్రాసులో లోడు దించుతున్నాడు. ఫోనులో కూతురు ఏడుపు విన్నాడు, రావడానికి రెండు రోజులు పట్టింది. వచ్చి కట్టు చూసి, ఇంకెప్పుడూ ఈ ఇంట్లో బాలు మాట ఎత్తగూడదన్నాడు. వాళ్ళమ్మ గమ్మునుండిపోయింది. జేజి మాత్రం ఆ ఏడాదే ఈ కుర్చీ తెప్పించుకుని జాగాలోకి వచ్చి కూర్చుంది.

ముసలామెను అడిగాను, మీ కొడుకుతో అబద్ధం చెప్పించడం తప్పు కాదా అమ్మా అని. నా గొంతులో టీచరమ్మ బాగానే పలికింది. ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"అబద్ధం యాడుంది? ఆ పిల్ల నోటెంట అబద్ధం రాగూడదనే గదా నేనీ ఎండలో వచ్చి కూచుంటాండేది."

నేను పిల్ల వైపు తిరిగాను.

పిల్ల మాత్రం దాన్ని గెలుపనుకోలేదు. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది. "ఈ సినిమా నాయనకు చూపించాలనే తీస్తాండా మేడం. నోటితో చెప్పేదానికి శాతగాల్యా. ఎండాకాలంలో నాయన పది దినాలు ఇంటికాడుంటాడు. అప్పుడు జేజిని పక్కన కూచోబెట్టుకోని నేనే చూపిస్తా. నేను చెప్పకముందే ఇంకెవురన్నా చెప్పినారంటే అయిపాయ, ఇంక నన్ను ఎప్పుడికీ పంపడు." జమ్మలమడుగులో సినిమాలు వేసేటప్పుడు ఆయన వస్తాడేమో అంటే, లోడు మీద ఉంటాడు, రాడు అంది. మూడు వారాల్లో పులివెందులలో మ్యాచీలున్నాయి. ఆ జట్టుకు కీపరు ఆ పిల్ల ఒక్కతే.

నేనెవరికీ చెప్పనని మాటిచ్చాను. ఇచ్చిన మాట నా అంతట నేను తప్పలేదు. నా తెలుగు తప్పించింది.

సంస్థవాళ్ళు కరపత్రానికి వివరాలు అడిగితే, మూడు సినిమాల పేర్లూ ఒక్కొక్క వాక్యంలో కథా పంపాను. కొండాపురం పిల్లల సినిమాకు నేను రాసిన వాక్యం ఇది: 'నీట మునిగిన ఊరి నుంచి కాలనీకి వచ్చి, బర్రెలను తోలుతూ, గోల్‌పోస్టు పక్కన కూర్చుని పిల్లలను కాచే జేజి కథ.' వారం తర్వాత ప్రూఫు వాట్సాప్‌లో వచ్చింది. నేను పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. పిల్లలు 'కృతజ్ఞత'ను ఎన్ని రకాలుగా రాయవచ్చో అన్ని రకాలుగానూ రాశారు, నాకు ఒళ్ళు మండుతోంది. ప్రూఫు తెరిచి రంగు చూశాను. కింద నా పేరు తప్పుల్లేకుండా పడిందో లేదో చూసుకున్నాను. సరిగానే ఉంది. 'ఓకే' కొట్టాను.

శుక్రవారం ప్రొద్దుటూరు బస్టాండులో గోడ మీద ఆ కరపత్రం కనబడింది. అలవాటు కొద్దీ చదివాను. 'దేవుని సన్నిధిలో ఉన్నాను. నీట మునిగిన ఊరి నుంచి కాలనీకి తరలివచ్చి, గేదెలను తోలుతూ, గోల్‌పోస్టు పక్కన కూర్చుని పిల్లలను కాచే దేవుని కథ.'

అక్కడే ఉన్న బెంచీ మీద కూలబడ్డాను. విజయవాడకు ఫోన్ చేస్తే కరపత్రం తయారుచేసిన అబ్బాయి ఎంతో వినయంగా మాట్లాడాడు.

"జేజి అంటే దేవుడే కదండీ మేడమ్? చిన్నపిల్లల్ని జేజికి దణ్ణం పెట్టుకోమంటాం కదండీ. పెద్దవాళ్ళు చదివేది కదాని దేవుడు అని మార్చానండీ. మీకు పంపానండీ, మీరు ఓకే అన్నారు కదండీ."

మా దిక్కు జేజంటే నాయనకు అమ్మ బాబూ అన్నాను. "అయ్యబాబోయ్" అన్నాడు. ఆ అబ్బాయిని తిట్టడానికి నాకు నోరు రాలేదు. వాళ్ళ ఊళ్ళో వాళ్ళకు జేజి దేవుడే. చదవకుండా ఓకే అన్నది నేను.

నవ్వుకుని వదిలేసే తప్పే అయ్యేది, కానీ ఆ కాలనీలో దేవుడి మాట అప్పటికే వేడిగా ఉంది. మునిగిపోయిన ఊరి నుంచి తెచ్చిన విగ్రహాన్ని రేకుల షెడ్డులో పెట్టారు. కొత్త గుడి ఏ వీధిలో కట్టాలో తేలక పెద్దవాళ్ళు రెండు జట్లుగా విడిపోయారు. అలాంటి చోట, దేవుడు గేదెలు తోలుతూ గోల్‌పోస్టు పక్కన కూర్చున్నాడని రంగుల కాగితం మీద అచ్చేసి పంచాం. నేను ఫోన్ చేసేసరికి కీపరు పిల్ల ఏడుస్తోంది.

"అంతా పాడైపాయ మేడం. కాలనీ పెద్దోళ్ళు టెంపో మాట్లాడినారు. మన దేవుని మీద ఏం తీసినారో సూడల్లంట. నాయన నిన్ననే లోడు దిగినాడు. ఆదివారం ఆయన గూడా వస్తాండాడు."

ఆదివారం పొద్దున జమ్మలమడుగులో ఒక కల్యాణమండపం తీసుకుని, కిటికీలకు దుప్పట్లు కట్టి చీకటి చేశారు. పిల్లల ఇళ్ళవాళ్ళు ముందు వరుసల్లో కూర్చున్నారు. పదకొండుకు టెంపో వచ్చి ఆగింది. తెల్ల పంచెలు ఒక్కొక్కటే దిగుతుంటే నేను లెక్కపెడుతూ నిలబడ్డాను. చివర్లో జేజి దిగింది, ఆమె వెనక కీపరు పిల్ల, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని నాయన. గళ్ళ చొక్కా వేసుకున్న సన్నటి మనిషి. లోడు దిగిన అలసట ఇంకా కళ్ళలో ఉంది. నేనాయన మొహం చూడలేకపోయాను.

కోచ్ నా చెవి దగ్గరికొచ్చాడు. "మేడం, జమ్మలమడుగు సినిమా ఫోన్‌లోనే పోయిందని చెప్పేస్తాం. మిగతా రెండు ఏసి పంపిచ్చేస్తాం."

నిజం చెబుతున్నాను, ఆ మాట నాకు తేనెలా అనిపించింది. సరేనని తలూపాను కూడా. అంతలో కీపరు పిల్ల మా దగ్గరికి వచ్చింది.

"ఎయ్యండి మేడం."

"మీ నాయన ఉన్నాడే తల్లీ!"

"ఉండాడు గాబట్టే. ఈ పొద్దు ఎయ్యకుంటే ఏం దాచిపెట్టినారని పెద్దోళ్ళు అడగతారు, ఎవురో ఒకరు చెప్తారు. నేనే చూపిచ్చినట్ల ఉండల్ల."

నేను మైకు తీసుకున్నాను. జేజి అంటే విజయవాడలో దేవుడని, మన దిక్కు అవ్వ అని, తప్పు నాదేనని, చదవకుండా సరేనన్నానని అందరి ముందూ చెప్పాను. అక్షరం తప్పితే అట్టముక్కతో కొట్టే టీచరమ్మ నోటివెంట ఆ మాట రావడం విని, నా పాత విద్యార్థులు నాలుగైదుగురు వెనక వరుసలో నోళ్ళు మూసుకుని నవ్వారు. నవ్వనీ అనుకున్నాను. ఒక పెద్దాయన మాత్రం లేచి నిలబడ్డాడు.

"అయితే ఏందమ్మా, దీంట్లో మా దేవుడు ల్యాడా?"

"లేడండీ. ఒక జేజి ఉంది."

"టెంపోకు దుడ్లిచ్చి వచ్చినాం గదా, జేజినే సూపీ" అని కూర్చున్నాడు.

సినిమా మొదలైంది. మొదటి బొమ్మలోనే జేజి కట్టె ఎత్తి బర్రెను అదిలిస్తోంది. "యో, మన పెద్దమ్మ!" అని టెంపోవాళ్ళంతా ఒక్కసారి గొల్లుమన్నారు. తెర మీద బర్రె తిరిగి జేజి వైపే వచ్చింది, ఇంకా నవ్వారు. ఎదురుగా కూర్చున్న జేజి తనను తాను చూసుకుని పైట సర్దుకుంది. తర్వాత గోల్‌పోస్టు కనబడింది. గ్లౌజులు తొడుక్కున్న పిల్ల, ఆ పిల్ల మీదికి వచ్చే బంతి. నవ్వులు సన్నబడ్డాయి. కొందరు వెనక్కి తిరిగి నాయన వైపు చూశారు.

అప్పుడు తెర మీద ఫోను మోగింది. "యాడుండావ్ మ్మా?" అని ఆయన గొంతు హాలంతా నిండింది. "జేజి కాడుండా నాయనా." కెమెరా నెమ్మదిగా పక్కకు తిరిగింది. పిల్లకు నాలుగడుగుల దూరంలో కుర్చీలో జేజి, ఎండకు నెత్తిన చెంగు కప్పుకుని. "జేజిని ఇడిసిపెట్టి యాడికీ పోగాకు" అంది ఆయన గొంతు. జేజి కట్టె పక్కన పెట్టి, ఆడుకో పో అన్నట్టు చెయ్యి ఊపింది. అంతే సినిమా. చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు. ఎవరూ కొట్టలేదు.

కిటికీల దుప్పట్లు తీశారు. నాయన లేచాడు. నేను స్తంభం పట్టుకుని నిలబడ్డాను. ఆయన కూతురి దగ్గరికి పోలేదు, తల్లి ముందుకు వెళ్ళాడు.

"మా, నువ్వు గూడా నాకు చెప్పల్యా?"

"ఏం చెప్పల్ల?" అంది జేజి. "బిడ్డ యాడుందని అడిగితివి. నా కాడుందంటిమి. నేను యాడుండానని ఎప్పుడన్నా అడిగితివా?"

ఎవరో కిసుక్కుమన్నారు గానీ ఆయనకు నవ్వు రాలేదు. కూతురి వైపు తిరిగాడు.

"చెయ్యి సూపీ."

ఆ పిల్ల కుడిచెయ్యి చాచింది. ఆయన మణికట్టు పట్టుకుని, బొటనవేలితో ఎముక వెంబడి నొక్కి చూశాడు.

"నొస్తాందా?"

"ల్యా నాయనా."

"ఆ పొద్దు నువ్వు ఫోన్‌లో ఏడుస్తాంటే నేను మద్రాసులో లారీ కింద కూచోని ఏడిస్తి. ఎవురికీ చెప్పల్యా." అంతమందిలో ఆ మాట అంటున్నానని ఆయనకు తెలిసినట్టు లేదు. "నాకు బాలంటే కోపం ల్యా మ్మా. భయం. ఆడుకో. గానీ నాకు చెప్పి ఆడుకో. నువ్వు యాడుండావో తెలిస్తేనే నేను బండి తోలగలను."

పిల్ల ఆయన చొక్కాలో మొహం దాచుకుంది. ఆయన ఏం చెయ్యాలో తెలియక ఆ పిల్ల జడ సర్దుతూ నిలబడ్డాడు. కోచ్ మొహం గోడవైపు తిప్పుకున్నాడు. నేను తిప్పుకోలేదు, బాహాటంగానే ఏడ్చాను. మూడు రోజుల నుంచి గుండెల మీదున్న బండ దిగిపోయింది. ఆ హాయి ఇంతని చెప్పలేను. బతికిపోయాను దేవుడా అనుకున్నాను, ఏ ఊరి అర్థంలో అనుకున్నానో గానీ. ఇందాకటి పెద్దాయన పోతూ పోతూ నా దగ్గర ఆగాడు.

"దేవుడు ల్యాకపోయినా సినిమా బాగుందిలేమ్మా."

పులివెందుల మ్యాచీకి నేనూ వెళ్ళాను. వాళ్ళ నాయన లోడు మధ్యలో తెరపి చేసుకుని, లారీని రోడ్డు పక్కన ఆపి వచ్చాడు. గోల్‌పోస్టు వెనక కంచె పట్టుకుని నిలబడ్డాడు. మొదటి సగంలో మా పిల్లను దాటి రెండు గోల్సు పడ్డాయి. రెండో సగంలో ఎదుటి జట్టు పిల్ల ఒకతి వేగంగా దూసుకొచ్చింది. మా పిల్ల బంతి మీదికి దూకింది. ఇద్దరూ కలిసి పడ్డారు. దుమ్ము లేచింది. ఆయన కంచె మీద ఒక కాలు వేసేశాడు.

దుమ్ములోంచి మా పిల్ల లేచింది. బంతి కడుపుకు అదుముకుని ఉంది. వెనక్కి తిరిగి, ఆ మణికట్టును గుండ్రంగా తిప్పి నాయనకు చూపించింది.

ఆయన కంచె మీంచి కాలు దించాడు.